పిల్లికన్ను

నవలలు రాసేవాళ్ళం కళ్ళని వాడుకున్నట్టు మరి దేన్నీ వాడుకోలేదు. కలువలన్నాం, చేపలన్నాం, చీకట్లో మెరుస్తాయన్నాం. మెరిసే కన్ను చూసి భయపడవలసిన సందర్భం ఒకటుంటుందని మాత్రం ఏ నవలలోనూ రాసినట్టు లేదు.

మా పక్కవాటా అమ్మాయి తన కూతురి పుట్టినరోజు ఫోటోలు తెచ్చి చూపించింది. ఫ్లాష్ వెలుగుకి పిల్ల కన్ను ఒకటి ఎర్రగా, రెండోది పాలచుక్క వేసినట్టు తెల్లగా పడింది. "అన్నిట్లోనూ ఇంతే పిన్నిగారూ!" అంది. అత్తగారేమో "పిల్లికన్ను, అదృష్టం" అన్నారట. మొగుడు ఫోన్‌లో లోపం అన్నాడట. చూపించిన డాక్టరుగారు "మొదటి కాన్పు తల్లులంతా ఇంతేనమ్మా" అని నవ్వి పంపేశారట. అందరికీ తలో సమాధానం దొరికింది, ఆ పిల్ల తల్లికి తప్ప.

పుట్టింటికని బయల్దేరి హైదరాబాదులో కంటి ఆస్పత్రికి వెళ్ళింది.

ఆ తెలుపు రెటీనోబ్లాస్టోమా. కంటి వెనక రెటీనాలో పుట్టే కేన్సర్. 15 నుంచి 20 వేల జననాల్లో ఒకరికి, ఎక్కువగా అయిదేళ్ళలోపే వస్తుంది. ఫ్లాష్ వెలుగు కంటి వెనకనున్న నెత్తురు రంగుని తీసుకుని తిరిగొస్తే ఎరుపు. దారిలో కణితి అడ్డుపడితే తెలుపు.

కణితి అనగానే ముక్క కోసి పరీక్షకి పంపడం మనకి తెలుసు. ఇక్కడ ఆ పని చెయ్యరు. సూది గుచ్చితే ఆ దారినే కేన్సర్ బయటికి పాకుతుందని భయం. అంచేత అంతా చూసే తేల్చాలి. పిల్లకి మత్తిచ్చి, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా అంతా గాలిస్తారు. గర్భిణీలకి చేసే అల్ట్రాసౌండ్ లాంటిదే కంటిమీదా చేస్తారు. కణితిలో సున్నపు రేణువులుంటే అందులో మెరుస్తాయి. కంటినరంలోకి పాకిందేమో ఎమ్మారైలో తెలుస్తుంది. సి.టి. స్కాన్ వీలైనంతవరకూ మానేస్తున్నారు. ఈ జబ్బు వంశపారంపర్యంగా వచ్చిన పిల్లలకి ఆ కిరణాలవల్ల ముందుముందు మరో కేన్సర్ రావచ్చునని.

మా పాపకి కణితి కన్ను దాటలేదు. కీమోథెరపీతో కన్ను దక్కింది. చూపు కొంతే.

అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే బ్రయన్ షా ఇంట్లోనూ ముందు అనుమానపడింది తల్లే. జబ్బు తేలాక ఆయన పాత ఫోటోలు తిరగేస్తే, పిల్లవాడు పుట్టిన 12వ రోజు ఫోటోలోనే ఆ తెలుపు కనిపించింది. ఆ మనిషి ఏడుస్తూ కూర్చోలేదు. మిత్రులతో కలిసి, ఫోటోల్లో తెల్ల కన్నుని వెతికే ఫోన్ యాప్ తయారుచేశాడు. 2019లో వాళ్ళు ప్రచురించిన పరిశోధనలో, కంటి జబ్బున్న పిల్లల్లో నూటికి 80 మందికి, డాక్టర్లు చెప్పడానికి సగటున 1.3 సంవత్సరాల ముందే ఆ తెలుపు దొరికింది.

తెల్లగా పడ్డ ప్రతి కన్నూ కేన్సర్ కాదులెండి. శుక్లం కావచ్చు, పిల్ల పక్కకి చూస్తున్నప్పుడు వెలుగు పడ్డ తీరూ కావచ్చు. తేల్చేది కంటి డాక్టరే. అన్నట్టు, ఎర్ర కళ్ళు అందంగా లేవని ఈమధ్య ఫోన్లూ కెమెరాలూ ఆ ఎరుపుని వాటంతటవే చెరిపేస్తున్నాయి. పసిపిల్లల ఫోటోలు తీసేటప్పుడు ఆ సదుపాయాన్ని ఆపేయమని ఇంట్లో ఎవరినైనా అడగండి, ఒక్క నిమిషం పని.