నైటవుట్ రాతలు

2025 జనవరి 6, సోమవారం
మక్కువ నైటవుట్. బస్సులోనే పడక. దోమలు.
డ్యూటీకి బయల్దేరే ముందు అమ్మాయికి చెప్పేశాను, ఇవాళ్టి నుంచి జిమ్ము బంద్ అని. జేఈఈ మెయిన్స్ పదహారు రోజుల్లోకి వచ్చేసింది. అది ఏమీ అనలేదు. అరచేతులు చూసుకుంది. ఆ కాయలు దానికి పన్నెండో ఏటి నుంచీ ఉన్నాయి.
మాస్టారికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఐదేళ్ళు పైసా పుచ్చుకోకుండా బరువులెత్తడం నేర్పిన మనిషి.

ఫిబ్రవరి 11
మెయిన్స్ మొదటి విడత. 84.6 పర్సంటైల్. కాలేజీలో వెనక సెక్షనుకి మార్చారట. రెండు రోజులైందట మార్చి. ఇవాళ చెప్పింది.
డిపోలో ఎంతొచ్చిందని అడిగారు. బాగానే వచ్చిందన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం
డిపో క్లర్కుగారి అబ్బాయి ఫోన్లో చూపించాడు. మద్రాసు ఐఐటీలో ఆటగాళ్ళకి వేరే సీట్లున్నాయి! నిరుడు 2024లో మొదలెట్టారట. కోర్సుకి రెండు. అందులో ఒకటి ఆడపిల్లకే. గడిచిన నాలుగేళ్ళలో జాతీయ పోటీల పతకం ఒకటుండాలి. మన దానికి ఉంది. ఆటల పేర్లలో వెయిట్‌లిఫ్టింగ్ ఉందా అని రెండుసార్లు చదివించాను. ఉంది.
ఇంటికొచ్చి ఆ కాంస్యం వెతికాను. బియ్యం డబ్బా మీద, పాత కేలండర్ల కింద దొరికింది. అక్కడ పెట్టింది నువ్వే నాన్నా అంది.
కింద ఇంకో మాట కూడా ఉంది. అడ్వాన్స్‌డ్ ర్యాంకుల లిస్టులో పేరుండాలి. ఎంత వెనకున్నా ఫర్వాలేదు, పేరుంటే చాలు. అక్కణ్ణుంచి ముందూ వెనకా చూసేది ఆటని బట్టే.
ఆదివారాలు జిమ్ముకి వెళ్ళమన్నాను.

మార్చి 9
న్యూజెర్సీ నుంచి తోడల్లుడి ఫోను. వాళ్ళవాడు పదకొండో తరగతి. అక్కడ కాలేజీ దరఖాస్తులో చదువు కాక ఇంకేం చేశావో రాయడానికి పది గడులుంటాయట. గడికి నూటయాభై అక్షరాలు, అంతే. వాడివి ఈత, మృదంగం, గుళ్ళో వడ్డన... ఇంకా మూడు ఖాళీగా ఉన్నాయి, ఏం చేయించాలో తోచట్లేదు అన్నాడు. హార్వర్డ్ మీద కోర్టు కేసు నడిచినప్పుడు బయటపడిందట, కోచ్ కోరుకున్న ఆటగాళ్ళయితే మార్కులు తగ్గినా సీటిచ్చేవారని. "మీ అమ్మాయి ఇక్కడుండాల్సింది అన్నయ్యా" అన్నాడు.
దీనికి ఒకటే గడి. నూటయాభై అక్షరాల్లో ఏం పడుతుంది? తెల్లారగట్ల నాలుగింటికి లేవడం. చద్దన్నం. పోటీకి ముందు రోజు బరువు తగ్గాలని మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చోవడం. జిమ్ము గోడ మీద మల్లీశ్వరి ఫోటో, సిడ్నీ ఒలింపిక్స్, 2000. పక్క జిల్లా పిల్ల కదా నాన్నా అని ఎన్నిసార్లు చెప్పిందో.

ఏప్రిల్ 12
ఇంటర్ ఫలితాలు. వెయ్యికి 868. ఎవరికీ స్వీట్లు పంచలేదు.

ఏప్రిల్ 19
రెండో విడతలో 90.2. బీసీలకి కటాఫ్ 79.43. అడ్వాన్స్‌డ్ రాయొచ్చు!
వాళ్ళమ్మ పాయసం చేసింది. అది మాత్రం రెండు చెంచాలు తిని లేచింది. బరువు చూసుకుంటోందా ఇంకా?

ఏప్రిల్ 27, ఆదివారం
మాస్టారు ఇంటికొచ్చారు. ఖేలో ఇండియా ఆటలు, బీహార్లో, మే 4 నుంచి 15 దాకా. దీని పేరు లిస్టులో ఉందట. అడ్వాన్స్‌డ్ 18న.
"అక్కడ పతకం కొడితే మద్రాసువాళ్ళ దగ్గర కూడా పైకొస్తుంది కదండీ" అన్నారు.
"ముందు వాళ్ళ లిస్టులో పడాలి కదండీ" అన్నాను.
ఆయన ఇంకేమీ అనలేదు. అది పెరటి గుమ్మంలోంచి వెళ్ళి ఆయన సైకిల్ పట్టుకుని నిలబడింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు వినపడలేదు.

మే 10
రాత్రి పదకొండు. కెమిస్ట్రీ పుస్తకం తెరిచే ఉంది. ఫోన్లో ఎవరో అమ్మాయి జెర్క్ ఎత్తుతోంది. సౌండు తీసేసి చూస్తోంది.
చూడనట్టు వచ్చేశాను.

మే 18
విశాఖ. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. మధ్యలో చెట్టు కింద పులిహోర. వడ్డిస్తుంటే చెయ్యి తగిలింది. కాయలు మెత్తబడ్డాయి.
"ఎలా రాశావమ్మా?"
"రాశాను నాన్నా."

జూన్ 2
59.
బీసీలకి 66 కావాలి. 360కి. మూడు సబ్జెక్టుల్లోనూ విడివిడిగా గట్టెక్కింది, మొత్తంలోనే ఏడు తక్కువ.
సర్టిఫికెట్లు స్కాన్ తీయించి పెట్టాను. పతకం కూడా మెడలో వేయించి ఫోటో తీయించాను. వాటిని ఇక చూసేవాళ్ళు లేరు.
మొదటి గేటు అందరికీ ఒకటే అంటారు. అది తప్పనలేను. చదువు అందని పిల్లని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెడితే నలిగిపోతుంది. కానీ 59కి చదువు అందదనీ, 66కి అందుతుందనీ... ఎలా తెలిసింది వాళ్ళకి? 80 కేజీలు నెత్తి మీదికెత్తి కదలకుండా నిలబడ్డ పిల్ల. ఆ నిలబడ్డం దేనికీ పనికిరాదా?
బీహార్ పంపి ఉంటే? అప్పుడూ 59 వచ్చేదా? 50 వచ్చేదా? ఏదొచ్చినా అది మాత్రం వెళ్ళొచ్చేది.

జూన్ 5
నిద్ర పట్టలేదు. వాళ్ళమ్మ చీకట్లో అంది, "మద్రాసు వెళ్తానని అదెప్పుడైనా నీతో అందా?"
లేచి ఈ పుస్తకం మొదటి నుంచీ తిరగేశాను. రెండుసార్లు.
ఎక్కడా లేదు.

జూన్ 15, ఆదివారం
జిమ్ముకి నేనూ వెళ్ళాను. ఐదేళ్ళలో గేటు దాకా దింపడమే గానీ లోపలికి అడుగుపెట్టింది ఇవాళే. మాస్టారు కుర్చీ వేశారు. కూర్చోలేకపోయాను.
ప్లేట్లు ఎక్కించమంది. బార్ 15. పసుపువి పదిహేనేసి, అటొకటి ఇటొకటి. జారకుండా బిగించేవి రెండున్నరేసి. యాభై. టిక్కెట్లు లెక్కపెట్టినట్టు పైకే లెక్కపెట్టాను. ఆ యాభై ఒకప్పుడు దానికి ఒళ్ళు వేడెక్కించుకునే బరువట. మాస్టారు చెప్పారు.
మొదటిసారి పడేసింది. నేల అదిరింది. నా గుండె కూడా.
రెండోసారి ఎత్తింది. చెయ్యి చీరుకుంది. సుద్దపొడి మీద ఎర్రగా.
ఎంసెట్ ర్యాంకుకి విశాఖలో ఏదో ఒక సీటు రావచ్చు. స్పోర్ట్స్ కోటా కాగితాల సంగతి అడిగితే "నేనే చూసుకుంటాలే నాన్నా" అంది.
బీహార్ సంగతి దారంతా నోటిదాకా వచ్చింది. అడగలేదు. అదీ ఎత్తలేదు.
రేపు మళ్ళీ మక్కువ. తెల్లారేసరికి ఇంట్లో ఉండాలంటే నైటవుట్ ఎవరితోనైనా మార్చుకోవాలి. డిపోలో అడగాలి. నాలుగింటికి దాని కోసం లైటు వేసేవాళ్ళు ఉండాలి కదా.