నీడిల్ లోపల ఏముంటది?

మన గ్రూపులో నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌ల గురించే ఎక్కువ పోస్టులు వస్తుంటాయి. ఇది వేరే ముచ్చట, కొంచెం పొడుగు. మీ ఇంట్ల ఎవరన్న స్లాబ్ పనికి పోతుంటే ఇది చదివి వాళ్లకు వినిపించండి.

మాది మక్తల్ దగ్గర తండా. హాస్టల్ల ఉండి సివిల్ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీకి వచ్చింది నేనే మొదలు. పాలమూరు లేబర్ అన్న మాట మనకు కొత్త కాదు, మన తాతలు ఎక్కడెక్కడి కట్టల మీదనో మట్టి మోసిండ్రు, రాయి మోసిండ్రు. 1955లో పని మొదలైన నాగార్జునసాగర్ రాతి కట్టడం. ఇప్పుడంతా కాంక్రీటే. మా మక్తల్ మండలంల ఉన్న సంగంబండ రిజర్వాయర్‌కు కట్ట మట్టిదే అయినా గేట్ల కాడ కాంక్రీటే. కాంక్రీట్ పోసే ప్రతి చోట వైబ్రేటర్ ఉంటది, దాని పైపు పట్టే మనిషి ఉంటడు. మా ఇంట్ల ఆ మనిషి మా కాక. ఇరవై ఏండ్లుగా హైదరాబాద్ల, పూణేల, ఇప్పుడు మక్తల్ల అదే పని.

పోయిన ఎండాకాలం ఒక ఇంటి స్లాబ్ సగం పడ్డంక కాక చేతిల నీడిల్ ఊగుడు బందైంది. మోటర్ తిరుగుతుంది, పైపుల షాఫ్ట్ తిరుగుతుంది, హెడ్ల మాత్రం చలనం లేదు. గుత్తేదారు వచ్చి "నీడిల్ కాలబెట్టినవ్" అని అందరి ముందట అని, రెండు రోజుల కూలి పట్టుకున్నడు. కాక ఏం మాట్లాడలే. ఎందుకు మాట్లాడలేదంటే లోపల ఏముంటదో ఆయనకు ఎవరూ చెప్పలే. "కాలలేదు" అని ఎట్ల అంటడు?

నేను సెలవులల్ల ఉన్న. గుత్తేదారుని అడిగి ఆ నీడిల్ పట్టుకొని కాకతోటి బోరు మోటర్లు రిపేర్ చేసే షాపుకు పోయినం. రెండు పైపు పానాలు పెట్టి విప్పినంక నాకే ఆశ్చర్యమైంది. లోపల ఉన్నది ఇంతేనా అనిపించింది.

నీడిల్ అంటే ఒక ఉక్కు గొట్టం. కొన్నిటి లోపల ఒక పక్కకు బరువున్న ఇరుసు ఉంటది, అది తిరిగితే గొట్టం ఊగుతది. మా కాకది లోలకం రకం. పైన బేరింగు, దానికి మెత్తటి జాయింటు, ఆ జాయింటుకు వేలాడే ఒక లావాటి ఉక్కు కడ్డీ. మోటర్ నిమిషానికి సుమారు 2800 చుట్లు తిప్పితే కడ్డీ గొట్టం గోడకు ఆనుకొని దొర్లుతది. గ్లాసుల పెన్సిల్ పెట్టి గోడ వెంట దొర్లించి చూడండి. పెన్సిల్ ఒక చుట్టు తిరిగితే గోడ మీద కొంచెమే జరుగుతది. అదే కడ్డీ గ్లాసుకు ఇంచుమించు పట్టేంత లావుంటే, ఒక్క చుట్టుకే గోడను నాలుగు సార్లు చుట్టి వస్తది. అందుకే 2800 చుట్లు నీడిల్ కొసకు వచ్చేసరికి 11, 12 వేల అదురులు అయితయి. నేను క్లాసుల ఈ లెక్క చేసిన గాని, ఆ షాపుల కడ్డీని చేతిల పట్టుకున్నప్పుడే నమ్మిన.

మోటర్ ఆన్ చేసినంక కాక నీడిల్‌ని చెక్క మీద ఒకసారి తడుతడు. కడ్డీ నడుమల వేలాడుకుంట ఉత్తగ తిరుగుతుంటది, తడితే పోయి గోడకు తగిలి దొర్లుడు మొదలైతది. ఇరవై ఏండ్ల సంది తడుతున్నడు, ఎందుకో ఆ రోజు తెలిసింది. "గట్లనా బేటా!" అని నవ్విండు.

ఇగ అసలు సంగతి. కడ్డీ దొర్లాలంటే గోడకు, దానికి పట్టు ఉండాలె. అందుకే ఆ గది పొడిగ ఉండాలె. మేం విప్పినప్పుడు కడ్డీ నిండ నల్లటి గ్రీజు. బేరింగు మంచిగనే ఉంది, దాని కింద గ్రీజును ఆపే ఆయిల్ సీల్ అరిగింది. పని మొదలుపెట్టే ముందు "మంచిగ నడుస్తది" అని ఎవరో షాఫ్ట్‌కు పిడికెడు గ్రీజు పెట్టిండ్రు. అది తిరుగుకుంట తిరుగుకుంట కిందికి దిగి, సీల్ దాటి, కడ్డీ మీద పడ్డది. కడ్డీ జారుతుంది గాని దొర్లుతలేదు. పెట్రోల్‌తోటి తుడిచి, కొత్త సీల్ వేసి ఆన్ చేస్తే బుర్రుమన్నది. అయిన ఖర్చు కాక ఒక్క రోజు కూలిల సగం కూడ లేదు.

అంటే షాఫ్ట్‌కు గ్రీజు కావాలె గాని పలుచగ పూయాలె, నీడిల్ దిక్కు కొసన ఇంకా తక్కువ. పైపును బాగా వంచి నడిపితే లోపలి షాఫ్ట్ రాపిడికి తెగుతది. నీడిల్ మాలుల ఉన్నంతసేపే చల్లగ ఉంటది, గాలిల నడిపితే నిమిషాలల్ల వేడెక్కి బేరింగు, సీల్ పోతయి. తోటోళ్లు తట్టలు తెచ్చేదాక నీడిల్‌ని ఆన్‌ల ఉంచి పక్కకు పడేసుడు చాలా చోట్ల చూసిన, నిజంగ కాలబెట్టేది అదే. ఇసుక, కంకర రాకి గొట్టం కూడ అరుగుతది. సాయంత్రం కడిగేటప్పుడు చేత్తో తడిమి చూడండి, కొస సన్నబడ్డదంటే మార్చాల్సిన టైమ్ వచ్చినట్టే. సిమెంట్ పాలు లోపలికి పోతే తర్వాత ఏ తుడుపుకూ రాదు.

పట్టుకునే తీరు కూడ ఉంది. పిల్లర్ల, భీంల నిలువుగ గబుక్కున దించాలె, కింది పొరలకు జానెడు కన్నా కొంచెం తక్కువ పోవాలె, బుడగలు ఆగేదాక 5 నుంచి 15 సెకన్లు ఉంచి మెల్లగ తీయాలె. గుంజి తీస్తే అక్కడ బొర్ర మిగులుతది. మరీ ఎక్కువసేపు ఉంచితే కంకర కిందికి, సిమెంట్ పాలు పైకి వస్తయి. సలాకలకు ఆనించొద్దు. కాంక్రీట్ల నూటికి 5 పాళ్లు గాలి మిగిలితే బలం సుమారు 30 శాతం తగ్గుతదని మా పుస్తకాలల్ల ఉంది. ఇంటోడు సిమెంట్ బస్తాల లెక్క అడుగుతడు, నీడిల్ పట్టినోడు ఎవరని అడగడు!

ఇంకొకటి, ఇది కాక చెప్పొద్దన్నడు గాని రాస్తున్న. చలికాలం పొద్దున ఆయన వేళ్లు తెల్లగ అయితయి, తిమ్మిరెక్కి గుండీ పెట్టుకోరాదు. ఏండ్లకేండ్లు అదురు పట్టినోళ్లకు వచ్చే జబ్బు ఇది, డాక్టర్లకు తెలుసు. హెడ్‌కు దూరంగ పైపు పట్టుకోండి, గంట గంటకు మనిషిని మార్చుకోండి, చేతులు వెచ్చగ ఉంచుకోండి. ఇట్ల వేళ్లు తెల్లబడ్డోళ్లు మీ ఇంట్ల ఉంటే దవాఖానల "వైబ్రేటర్ పని చేస్తం" అని ముందే చెప్పండి.

పాత సీల్‌ను కాక గుడ్డల మూట కట్టుకొని గుత్తేదారుకు చూపించిండు. ఆయన చూసిండు, "సరే" అన్నడు. రెండు రోజుల కూలి ఇంకా రాలేదు, వచ్చే స్లాబ్‌కు కలిపి ఇస్త అన్నడట. మీ దగ్గర నీడిల్ పట్టేటోళ్లకు తట్ట మోసే కూలే ఇస్తున్నరా, మేస్త్రీ కూలి ఇస్తున్నరా? మా కాక అడగమన్నడు.