విశాఖలో నీటి సరిహద్దు

సరిహద్దు అనగానే మనకు ముళ్ళకంచె, దానికి అటూ ఇటూ తుపాకులు పట్టిన సిపాయిలు గుర్తుకు వస్తారు. దాన్ని చూడటానికి జనం వాఘా వెళతారు. స్తోమత గలవారు కొరియా దాకా పోయి అక్కడి సరిహద్దు కూడా చూసి వస్తారు. మన తెలుగుదేశానికి అలాంటి కంచె లేదు, ఉన్నదల్లా సముద్రం. అయినా ఆ సముద్రం మీదుగానే యుద్ధం విశాఖపట్నం గుమ్మం దాకా వచ్చింది. ఆ గుమ్మం చూద్దామని మొన్న సంక్రాంతి సెలవుల్లో సకుటుంబంగా బయలుదేరాము.

మొదట రాస్ కొండ ఎక్కాము. కొండమీద చర్చి, పక్క గుట్టల్లో ఒకదానిమీద దర్గా, మరొకదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి. కింద ఓడలు రేవులోకి వచ్చే సన్నని కాలువ; దానికవతల డాల్ఫిన్స్ నోస్ కొండ కోటగోడలా అడ్డం నిలిచి ఉంటుంది. రేవు 1933లో ప్రారంభమయింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. జనం చేతికందిన మూటాముల్లె పట్టుకుని పల్లెలకు పరుగెత్తారని మా తాతగారు చెప్పేవారు.

సాయంత్రం రామకృష్ణా బీచికి వెళ్ళాము. ఇసుక ఒడ్డున సుమారు 300 అడుగుల పొడవున నల్లగా కనిపించేదే కురుసుర జలాంతర్గామి. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్ళు కొలువు చేసి 2001లో విరమించింది. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. లోపలికి పోతే గుండ్రని ద్వారాల్లో వంగి, కాళ్ళు ఎత్తి దాటాలి. డెబ్బై మందికి పైగా ఇందులోనే తిని, ఇందులోనే పడుకునేవారట! వంటగది చూసి మా ఆవిడ, "మన దేవుడి గది ఇంతకంటే పెద్దది" అన్నది.

1971 యుద్ధంలో కురుసుర అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. సరిగ్గా అప్పుడే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ కరాచీ నుంచి సింహళం చుట్టివచ్చి విశాఖ ముందు పొంచి ఉన్నది. దాని వేట మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ను మనవారు ముందే అండమాను వైపు తరలించి, అది ఇక్కడే ఉన్నట్లు శత్రువును భ్రమింపజేశారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన తరువాత పెద్ద ప్రేలుడు వినిపించి ఊళ్ళో కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఘాజీ మునిగింది. మన రాజ్‌పుత్ నౌక దెబ్బకే మునిగిందని మనవారి మాట. లోపల జరిగిన ప్రేలుడో, తాము పరచిన మందుపాతరో కారణమని వారి మాట. అందులోని తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కడూ బతకలేదు.

ఈ కథంతా విని మా చిన్నవాడు, "వాళ్ళు ఇంకా నీళ్ళలోనే ఉన్నారా?" అని అడిగాడు. మాకు అన్నీ చూపిస్తున్న పెద్దాయన పూర్వం నావికుడు. కాసేపు ఊరుకుని, "ఉన్నారు బాబూ. అదీ ఇలాంటి ఇనప గొట్టమే. మేమూ ఇలాంటి దాంట్లోనే నీళ్ళ కిందికి దిగేవాళ్ళం" అన్నాడు. ఆ గొంతులో గెలుపు లేదు, పగా లేదు.

బయటికి వస్తే తీరమంతా తిరునాళ్ళలా ఉన్నది. మొక్కజొన్న పొత్తులు, ముంత మసాలా, గుర్రం సవారీలు. ఆ సందడి నడుమ 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఉన్నది. ఇంతమంది ఇలా నిశ్చింతగా తిరగగలగడమే ఆ విజయానికి ఫలం. అయితే ఎదుట ఆ నీళ్ళ అడుగున ఘాజీ ఈనాటికీ ఉన్నది. దాన్ని మన నౌకాదళం గుర్తించిందనీ, మృతుల పట్ల గౌరవంతో కదపక వదిలిందనీ 2024లో పత్రికల్లో వచ్చింది. స్మారకం కట్టడం ఎంత సబబో, ఆ సమాధిని కదపకపోవడమూ అంతే సబబని నాకు తోచింది.

విశాఖ వెళ్ళేవారు కురుసురను తప్పక చూడవలసింది. సోమవారం మాత్రం సెలవు సుమా! పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. గెలిచిన కథతోపాటు మునిగినవారి కథ కూడా చెప్పండి.