ముందు నీళ్ళు, తర్వాత పప్పు

తుపాను హెచ్చరిక పడగానే మా విశాఖలో జనం మొదట పరుగు తీసేది బ్రెడ్డుకి. ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడదు. మామూలు రోజుల్లో జ్వరం వస్తే తప్ప ముట్టని పదార్థం, గాలివాన అనగానే ప్రాణాధారం అయిపోతుంది. ఆ తర్వాత పాల ప్యాకెట్లు, నూడుల్స్, ఫ్రిజ్ నిండా కూరగాయలు. నూడుల్స్‌కి నీళ్ళు మరగాలి. పాలకి ఫ్రిజ్ నడవాలి. కరెంటు పోతుందేమో, కుళాయి ఆగిపోతుందేమో అని భయపడుతూ, ఆ రెండూ ఉంటే తప్ప పనికిరాని సరుకంతా సంచుల్లో మోసుకొస్తాం.

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం వేళకి హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి మీద పచ్చదనం ఒక్క పూటలో మాయమైంది, ఊళ్ళో నిలబడ్డ చెట్టు కంటే పడిపోయిన చెట్టే ఎక్కువ కనిపించింది. ఆ సంగతులు పేపర్లలో చాలా వచ్చాయి. వంటింటి సంగతి ఎవరూ పెద్దగా రాయలేదు, అందుకే రాస్తున్నాను.

మా అత్తగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఆవిడది ఉద్దానం, కవిటి వైపు. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి కాబట్టి తుపాను అంటే ఆవిడకి ఏటా వచ్చే చుట్టం. ముందురోజు సాయంత్రం నేను టీవీ ముందు కూర్చుని ఉపగ్రహ చిత్రంలో తిరుగుతున్న తెల్లటి సుడి చూస్తుంటే, ఆవిడ వంటింట్లోంచి ఒకటే మాట అడిగారు: “ఏటమ్మా, నీళ్ళు పట్టీసావా?”

సరుకుల ఊసే ఎత్తలేదు. బియ్యం ఉన్నాయా, పప్పు ఉందా అనలేదు. బక్కెట్లు, బిందెలు, ప్రెషర్ కుక్కరు, పెళ్ళికి పెట్టిన ఇత్తడి గంగాళం, చివరికి ఇడ్లీ పాత్ర కూడా నీళ్ళతో నింపించారు. తాగేవి ఒకవైపు, వంటవి ఒకవైపు, వాడకానివి స్నానాలగదిలో. అపార్ట్‌మెంట్లలో నీళ్ళంటే కరెంటే. సంపులో నిండా ఉన్నా మోటారు తిరగకపోతే నాలుగో అంతస్తుకి చుక్క ఎక్కదు. మట్టిల్లూ నుయ్యీ తప్ప ఎరగని ఆవిడకి ఈ లెక్క ఎవరు చెప్పారో!

తుపాను వెళ్ళాక ఊరంతా అదే లెక్క ఎదురైంది. కొన్ని వీధులకి కరెంటు రావడానికి వారం పైనే పట్టింది. ఏటీఎంలు పనిచెయ్యలేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు, పాల ప్యాకెట్టు ధర రెట్టింపు దాటిపోయింది. మా ఇంట్లో బియ్యం బస్తా కదలకుండా ఉంది. కానీ బియ్యం అన్నం కావాలంటే నీళ్ళూ నిప్పూ కావాలి. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి నాలుగైదు లీటర్లయినా లేనిదే గడవదు. ఆరుగురున్న ఇంట్లో అది గంగాళాలు గంగాళాలు.

ఆ రోజుల్లో అత్తగారి వంట దగ్గర నిలబడి చూశాను. ఆవిడ ఏదీ పాఠంలా చెప్పరు. చేసేది చూసి మనమే ఏరుకోవాలి. మొదటి పూట ఫ్రిజ్‌లోవి బయటికి తీశారు. పాలు కాచి తోడు పెట్టేశారు, ఎందుకంటే పాలు విరుగుతాయి గాని పెరుగు పులిసినా మజ్జిగకో మజ్జిగ పులుసుకో వస్తుంది. టమాటాలన్నీ ఉప్పూ కారం వేసి నూనెలో దగ్గరపడేదాకా మగ్గించి పచ్చడి చేసేశారు. మెత్తబడే కూరలు ఆ రోజు, గట్టివి మర్నాడు. గుమ్మడికాయ, కంద, చేమదుంపలు ఆఖరున. అటక మీది డబ్బా ఒక్కటి కూడా అప్పటికి దించలేదు.

తర్వాత గ్యాసు. ఉన్నది ఒక్క సిలిండరు, అదీ ఎప్పుడు పెట్టించామో గుర్తు లేదు. ఇండక్షన్ పొయ్యి గూట్లో బొమ్మలా కూర్చుంది. అత్తగారు కందిపప్పు డబ్బా వెనక్కి తోసి పెసరపప్పు ముందుకు తీశారు. కందిపప్పు ఉడకడానికి పట్టే మంటతో పెసరపప్పు రెండుసార్లు ఉడుకుతుంది. కందిపప్పు తప్పనిసరైతే పొద్దున్నే నానేసి, మెత్తబడే వరకూ చింతపండు గాని ఉప్పు గాని దగ్గరికి రానిచ్చేవారు కాదు, పులుపు తగిలితే పప్పు బిర్రబిగుసుకుంటుందని. అన్నం వార్చడం మానేసి అత్తెసరు పెట్టారు, అదీ సరిగ్గా ఉడుకు పట్టి నీళ్ళు ఇంకే వేళకి దించేసి, గిన్నెని గోనెసంచీలోనూ దానిమీద పాత దుప్పట్లోనూ చుట్టి మూల పెట్టేవారు. అరగంటకి విప్పితే పువ్వులాంటి అన్నం. అన్నానికి పట్టే గ్యాసులో సగం ఆదా అయ్యేది. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తొలి కడుగు, ఆ నీళ్ళే మళ్ళీ మరుగుదొడ్డికి. గాలికి చీలికలైన అరటాకులు వీధిలో ఎన్ని కావాలంటే అన్ని పడి ఉన్నాయి. వాటిల్లో తింటే కంచాలు కడిగే పని లేదు.

మా పిల్లలకి బాగా నచ్చింది పచ్చి పులుసు. చింతపండు పిసికిన రసంలో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. పొయ్యి వెలిగించే పనే లేదు. దానికి తోడు పులగం, వేయించిన చల్లమిరపకాయలు. అటుకులు మజ్జిగలో నానేస్తే ఒక పూట గడిచినట్టే. “కరెంటు వచ్చాక కూడా ఇదే చెయ్యి మామ్మా” అన్నాడు మా చిన్నాడు. కరెంటు వచ్చింది, వాడు పిజ్జా అడిగాడు. అది వేరే కథ.

మిక్సీ లేదు కాబట్టి పొడి కొట్టి ఉన్న సరుకే సరుకు. ధనియాలు డబ్బా నిండా ఉండి ఏం లాభం? చారుపొడి ఉంటే చారు, లేకపోతే లేదు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో అక్టోబరు రాకముందే చారుపొడి, కందిపొడి, కరివేపాకు పొడి చేసి పెట్టుకుంటాను.

ఆ వారమంతా నాకు బుర్రలో తిరిగింది ఒకటుంది. అత్తగారి అటక తుపాను కోసం తయారైంది కాదు. అది ఎండాకాలం పని. ఫాల్గుణంలో కొత్త చింతపండు వస్తుంది, గింజా ఈనే తీసి, ఉప్పు కలిపి జాడీలో అదిమిపెడతారు. కొత్త మిరపకాయలు ఎండబెట్టి కారం కొట్టిస్తారు. వైశాఖంలో ఆవకాయ, మాగాయ. మేడ మీద గుమ్మడి వడియాలు, వంకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు. చల్లమిరపకాయలయితే కాయ పొట్ట చీరి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రెండు మూడు రోజులు ఊరనిచ్చి, పగలు చాప మీద ఎండకి పోసి, పొద్దుగూకాక మళ్ళీ అదే మజ్జిగలోకి తోసెయ్యాలి. మజ్జిగంతా కాయలే తాగేసే దాకా ఇదే వరస. చివరికి తెల్లగా, తేలిగ్గా, గలగలలాడుతూ వస్తాయి. కందులు, పెసలు ఎండలో పోసి ఆముదం చేత్తో పట్టిస్తారు. గింజ మీద నూనె పొర ఉంటే పురుగు పెట్టిన గుడ్డు బతకదు.

మన తీరానికి పెద్ద తుపానులు వచ్చిన తేదీలు చూడండి. దివిసీమని ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమది 1996 నవంబరు 6న, హుద్‌హుద్ అక్టోబరులో, ఉద్దానాన్ని ఊడ్చేసిన తిత్లీ 2018 అక్టోబరు 11న. మేలో వచ్చిన 1990 తుపాను లాంటివీ ఉన్నాయి, ప్రకృతి మన క్యాలెండరు చూసుకుని రాదు. అయినా వైశాఖం ఎండలో ఆరబెట్టింది ఆశ్వయుజం ముసురుకి అందుతుందన్న వరస మాత్రం పెద్దవాళ్ళకి బాగా తెలుసు. ‘ఏడాది సరుకు’ అన్నది పిసినారితనం అనీ, సూపర్ బజారు లేని రోజుల అవసరం అనీ చులకనగా చూసే తరంలో నేనూ ఒకదాన్ని. ఆ వారం తర్వాత ఆ చులకన పోయింది.

2020లో వచ్చిన కష్టం పూర్తిగా వేరు. మార్చి 25న ఉగాది, ఆ రోజు నుంచే దేశమంతా లాక్‌డౌను. ఈసారి కరెంటు ఉంది, నీళ్ళున్నాయి, గ్యాసు వస్తోంది. కొట్టు మాత్రం పొద్దున్న కొన్ని గంటలే తెరుస్తున్నారు, ఇంట్లో నోళ్ళేమో పెరిగాయి. హైదరాబాదు హాస్టలు నుంచి ఆఖరి నిమిషంలో అమ్మాయి వచ్చేసింది. మా కింది అంతస్తులో ఒకాయన దొరికిందల్లా కొన్నారు, అందులో ఎవరూ తినని ఓట్సు పెద్ద పెద్ద డబ్బాలున్నాయి. ఆగస్టు దాకా వాళ్ళావిడ ఆ ఓట్సుతో ఉప్మా, దోసె, చివరికి గారెలు కూడా చేసి పంచిపెట్టారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ మొదటిరోజు కొట్లో ఆయన ఎత్తుకెళ్ళిన కందిపప్పు, వెనక నిలబడ్డవాళ్ళకి దొరకలేదు. ఎండాకాలంలో బస్తా కొనడానికీ, కష్టం వచ్చిన రోజున బస్తా కొనడానికీ తేడా అక్కడుంది. మొదటిదాని వల్ల ఎవరి నోటి దగ్గరిదీ పోదు.

ఏడాది సరుకు పద్ధతికి ఒక లోపం ఉంది, అది 2024 సెప్టెంబరులో విజయవాడ చూశాక తట్టింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులు నీళ్ళలో నిలబడ్డాయి. అక్కడ మా చెల్లెలి తోడికోడలి ఇంట్లో నిండుగా సరుకు ఉంది, అంతా నేల మీదా, కింది అరల్లోనూ. ఆవకాయ జాడీ మాత్రం తేలిందట. వాసెన గట్టిగా కట్టి ఉన్నా మురుగునీళ్ళలో మునిగి తేలిన జాడీని తెరవకుండా పారెయ్యమన్నాను, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ వరదల్లో డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు, నీళ్ళు తగ్గాక ప్రభుత్వం బియ్యం, పప్పు, నూనె ఇచ్చింది. బియ్యం మంచివే. అప్పటికి ఆ వంటిళ్ళలో పొయ్యి బురదలో ఉంది. అందుకని సరుకు ఎంత అన్నదాని కంటే ఎంత ఎత్తున, పొయ్యి ఎక్కడ, అగ్గిపెట్టె తడవకుండా ఏ సీసాలో ఉంది అన్నవే నాకిప్పుడు ముందు ఆలోచనలు.

ఇక నిలవ చేసుకునే స్తోమత సంగతి. ఏ రోజు కూలితో ఆ రోజు పావుకిలో నూనె కొనుక్కునేవాళ్ళకి ‘మూడు నెలల సరుకు ఉంచుకోండి’ అని చెప్పడం వెటకారం. హుద్‌హుద్ వారంలో ఎంత పొదుపు చేసినా చివరికి మా గ్యాసు అయిపోయింది. మెట్ల కింద వాచ్‌మన్ వాళ్ళది కట్టెల పొయ్యి. వాళ్ళ దగ్గర బియ్యం రెండు రోజులకి కూడా లేవు. మా బియ్యం, వాళ్ళ నిప్పు. వీధి నిండా కూలిన చెట్లే, కానీ పచ్చికట్టె మండదు, పొగ కమ్ముతుంది. వాచ్‌మన్ భార్య ఎప్పుడో ఎండబెట్టి టార్పాలిన్ కింద పేర్చుకున్న సరుగుడు పుల్లలే మా అందరికీ అన్నం వండాయి. “మామ్మగారూ, మీరు పైనుంచి పప్పు దింపండి, పొయ్యి సంగతి నే చూసుకుంటా” అంది ఆవిడ. ఆ మెట్ల కింద ఎనిమిది కుటుంబాల గిన్నెలు వరసలో నిలబడ్డాయి. అంతకుముందు ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళకి ఒకరి పేరొకరికి సరిగ్గా తెలియదు.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఇలా పంచుకునే పనే ఊరి లెక్కన చేశారు. ఎక్కువమంది దళిత మహిళలు. బీడు నేల సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్లో వాటా ఊరి నిలవకి జమచేసి, కరువు నెలల్లో లేనివాళ్ళకి తక్కువ ధరకి ఇచ్చుకున్నారు. ఇంటి పాతర ఉన్నవాడికే ఉపయోగం, ఊరి పాతర ఊరికి. పాతర అంటే ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు: నేలలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, జొన్నలు పోసి మూసేసేవారు. తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదు, విషవాయువు నిండి ఉంటుంది. మూత తీసి గాలి ఆడనిచ్చి, దీపం దింపి ఆరిపోకుండా ఉంటేనే మనిషిని దించేవారు.

మా అపార్ట్‌మెంటుకి ఊరి పాతర అంటే ఏమిటని ఆలోచిస్తే నాకు తోచింది చేతిపంపు. బోరు ఎలాగూ ఉంది, పక్కన చేతిపంపు ఒకటి వేయిస్తే కరెంటు లేనినాడు ఎనిమిది ఇళ్ళూ బతుకుతాయి. హుద్‌హుద్ తర్వాత మొదటి మీటింగులోనే ఈ మాట ఎత్తాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఖర్చు అంతస్తు లెక్కనా, మనుషుల లెక్కనా అన్న దగ్గర ఆగిపోయింది. మొన్నటి మీటింగులో మళ్ళీ పెట్టాం. లిఫ్టుకి రంగులు వెయ్యడం ముందా, చేతిపంపు ముందా అని ఓటింగు పెట్టారు. నాలుగుకి నాలుగు వచ్చాయి. వచ్చే నెల మళ్ళీ కూర్చుంటున్నాం.