పచ్చిమిరప తొడిమలు, ఒక చిన్న మాత్ర

"చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియట్లేదండీ" అంది ఆ అమ్మాయి.

పక్కన కూర్చున్న తల్లి అందుకుంది. "గుమ్మంలో రెండు చెప్పులూ తొడుక్కునే బయల్దేరుతుందండీ. వీధి చివరికెళ్లేసరికి ఒకటే ఉంటుంది. వెనక్కెళ్లి రెండోది వెతుక్కొస్తాం."

"పొద్దున మొహం కడుక్కునేటప్పుడు తూలుతున్నావా అమ్మా?" అని అడిగాను. ఆశ్చర్యంగా చూసింది. సబ్బు నురగకి కళ్లు మూసుకోగానే ముందుకు పడబోయి రోజూ సింకు పట్టుకుంటోందట. పాదాలు ఎక్కడున్నాయో మెదడుకి చెప్పే నరాలు దెబ్బతింటే ఆ పని కళ్లు చేస్తాయి. కళ్లు మూస్తే ఆ ఆసరా కూడా పోతుంది. చేతులు చాపమన్నాను. వేళ్ల కణుపుల మీద చర్మం నల్లబడింది. నాలుక గరుకుదనం పోయి నున్నగా, ఎర్రగా ఉంది. వయసు 27. ఇంటి నుంచే కంప్యూటరు ఉద్యోగం.

రోగం పేరు నాకు అప్పటికే తెలిసిపోయింది. ఈలోగా తల్లి సంచిలోంచి పాత మందుల చీటీ తీసి బల్ల మీద పెట్టింది. ఏడాది కిందటిది. చేతిరాత నాదే.

అప్పుడు ఆమె నీరసమనీ, నోరు పూస్తోందనీ వచ్చింది. "మూడేళ్లుగా వీగన్నండీ" అంది. అంటే పాలూ గుడ్లూ సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తినదు. మాది భీమవరం. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు, చేపల చెరువులు. ఇక్కడ శాకాహారి ఇంట్లోనైనా గడ్డపెరుగు లేకుండా విస్తరి లేవదు. "పెరుగన్నం లేని భోజనమేమిటమ్మా? రోజూ రెండు గ్లాసులు పాలు తాగు, గుడ్డు తిను" అని నవ్వేసి, ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు రాసి పంపేశాను. ఎందుకు మానేసిందో అడగలేదు. విటమిన్ బి12 పరీక్ష చేయించలేదు.

ఆమె పాలు తాగలేదు గానీ మాత్రలు మాత్రం ఒక్కరోజు తప్పకుండా వేసుకుంది. అదే కొంప ముంచింది.

రక్తకణాలు సరిగా తయారవడానికి ఫోలిక్ యాసిడ్, బి12 రెండూ కావాలి. బి12 అడుగంటిన మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం కొంత తేరుకుంటుంది, మొహంలో కళ వస్తుంది. నరాల మీది పొరను కాపాడే పని మాత్రం బి12 తప్ప ఇంకేదీ చెయ్యలేదు. అక్కడి నష్టం లోలోపల సాగిపోతూనే ఉంటుంది. నేను చేసింది అచ్చం గోడకి సున్నం కొట్టి లోపలి చెదల్ని వదిలెయ్యడమే.

భీమవరం డాక్టరుగా ఇది నాకు మరీ తలవంపు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది ఈ ఊళ్లోనే. స్ప్రూ అనే పేగుల జబ్బుకి ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి ఆయన. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం సాధించిన ఆ తయారీ 1945లో లోకానికి తెలిసింది. ఒక రకం రక్తహీనత ఉన్నవాళ్లకి దాన్ని ఇచ్చి చూస్తే రక్తం మెరుగైనా నరాలు పాడవుతున్నాయని వైద్యులు కొద్దికాలానికే గమనించారు. ఆ లోటు తీర్చే బి12ను 1948లో వేరుచేశారు. సుబ్బారావుగారు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే, ఆగస్టులో. అంటే నేను చేసిన పొరపాటు నేను పుట్టకముందే పుస్తకాలకెక్కింది.

పరీక్షలు వచ్చాయి. ఎర్రకణాల సగటు పరిమాణం 100 దాటకూడదు, ఆమెకి 112. బి12 కనీసం 200 ఉండాలి, ఆమెకి 85.

"ఏడాది కిందటే మళ్లీ రావాల్సింది కదమ్మా" అన్నాను.

"వస్తే మళ్లీ పాలు తాగమనే అంటారనుకున్నానండీ" అంది.

అప్పుడు అడిగాను, ఎందుకు మానేశావని. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్లో, చచ్చిపోయిన దూడ తోలులో గడ్డి కూరి, దాన్ని గేదె ముందు నిలబెట్టి పాలు పితకడం చూసిందట. గేదె ఆ గడ్డి బొమ్మనే నాకుతోందట. ఆ దృశ్యం మనసులోంచి పోలేదు. ఉద్యోగం వచ్చి, తన తిండి తాను వండుకోవడం మొదలెట్టాక పాలు మానేసింది. పల్లెటూళ్లో పుట్టిన నేనూ ఆ గడ్డి దూడను చూశాను. నాకు వింతగా కనబడింది, ఆమెకి దుఃఖంగా కనబడింది. అందులో డాక్టరు దిద్దాల్సిన తప్పేమీ లేదు.

ఇంజెక్షన్లు మొదలుపెట్టబోతే, "ఇది జంతువుల నుంచి తీస్తారా?" అని అడిగింది. లేదన్నాను. బి12ను మొక్కా చెయ్యదు, జంతువూ చెయ్యదు, సూక్ష్మజీవులే చేస్తాయి. గేదె కడుపులో ఉండే సూక్ష్మజీవులు చేసిందే పాలలోకి వస్తుంది. మందుల కంపెనీలు ఆ సూక్ష్మజీవుల్నే పెద్ద పెద్ద తొట్లలో పెంచి తీస్తాయి. ఇంజెక్షన్ల తర్వాత వేసుకోవడానికి క్యాప్సూళ్లు రాస్తుంటే మళ్లీ ఆపింది. "ఆ తొడుగు జెలటిన్ కదండీ?" నిజమే. చాలా క్యాప్సూళ్ల తొడుగు జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన జెలటిన్‌తో చేసిందే. 28 ఏళ్ల ప్రాక్టీసులో నన్ను ఆ మాట అడిగిన మొదటి రోగి ఆమే. కొట్టేసి మాత్రలు రాశాను.

మూడో నెలలో తల్లీ కూతుళ్లు వచ్చినప్పుడు తల్లి చేతిలో స్టీలు బాక్సు ఉంది. మూత తీస్తే తెల్లగా, గడ్డగా పెరుగు. "వేరుశనగ పెరుగండీ. రుచి చూడండి డాక్టరుగారూ" అంది. కూతురు వీగన్ అయిన కొత్తలో మూడు నెలలు కోపంతో వంటింట్లోకి రానివ్వలేదట. ఇప్పుడు ప్రయోగాలన్నీ ఈవిడవే.

ఎలా తోడేశారని అడిగాను. పాల పెరుగు చుక్క కూడా వెయ్యకూడదు కదా మరి. రాత్రి నానబెట్టిన వేరుశనగ గుళ్లు పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, బట్టలో వడగట్టి, ఆ పాలను అడుగంటకుండా కలుపుతూ చిక్కబడేదాకా కాచాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఏడెనిమిది పచ్చిమిరపకాయల తొడిమలు అందులో ముంచి, కదపకుండా పొయ్యి పక్కన పెట్టాలి. తొడిమలకి అంటుకుని ఉండే సూక్ష్మజీవులే తోడు పని చేస్తాయి. "మొదటిసారి చేదుగా వచ్చిందండీ, పారబోశాను. రెండోసారి తోడుకుంది గానీ శనగ వాసన. దాంట్లోంచి చెంచాడు తీసి మూడోసారి తోడేస్తే కుదిరింది" అంది. మా అమ్మ చెప్పినట్టే చెప్పింది ఆ లెక్క: పెరుగు తోడులో ఉంటుంది, తోడు చేతిలో ఉంటుంది.

మధ్యాహ్నం దాన్ని ఇంటికి పట్టుకెళ్లాను. మా ఆవిడ వేలితో నాకి చూసి, "అన్నంలోకి వద్దు, మజ్జిగపులుసుకి పనికొస్తుంది" అని తీర్పు చెప్పి, ఆనపకాయ ముక్కలు వేసి పులుసు పెట్టింది. విరగలేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆ తర్వాత ఆ తల్లి దగ్గర చాలా నేర్చుకున్నాను. ఇంగ్లాండులో డోనాల్డ్ వాట్సన్ అనే ఆయన, మరికొందరు కలిసి 'వీగన్' అన్న మాట పుట్టించింది 1944లో. మన వంటింట్లో సగం వంటలు ఆ పేరు లేకుండానే ఆ కోవలో ఉన్నాయి. పులిహోర, పప్పుచారు, గోంగూర పచ్చడి, పెసరట్టు, కందిపచ్చడి, నువ్వులుండలు... వేసవిలో మా గోదావరి ఇళ్లలో గంజిని పులియబెట్టే తరవాణి కుండ కూడా అంతే. చిక్కంతా నెయ్యి, మజ్జిగ, కాఫీ దగ్గరే వస్తుంది. ఆవకాయన్నంలోకి నెయ్యి బదులు పప్పునూనె సరిపోయిందట. బెల్లం పాయసంలో పాలు విరిగిపోతాయన్న భయం కొబ్బరిపాలతో తీరిపోయింది. కాఫీ మాత్రం ఏడిపించింది. సోయా పాలు పోస్తే వేడి డికాక్షన్‌లో విరిగి తుంపులు తుంపులయ్యేవి. జీడిపప్పు పాలతో నిలిచింది, కాకపోతే కాఫీ ఖరీదు రెట్టింపైంది.

నా వంతు లెక్కలు కట్టడం. ఆవు పాలు 100 గ్రాముల్లో కాల్షియం సుమారు 120 మిల్లీగ్రాములు. అదే తూకం రాగుల్లో 300 పైన, పొట్టు తియ్యని నువ్వుల్లో వెయ్యి పైన. నువ్వుల పొట్టులో ఉండే ఆక్సలేట్లు కొంత కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. అందుకని రాగిజావ, నువ్వులపొడి రెండూ రోజూ ఉండాలన్నాను. మాంసకృత్తులకి అన్నంతో పప్పు. ఒకదాంట్లో లోపించిన అమైనో ఆమ్లాన్ని ఇంకొకటి భర్తీ చేస్తుంది. ఆకుకూరలో ఐరన్ ఒంటబట్టాలంటే నిమ్మకాయ పిండుకోవాలి, టీ కాఫీలు భోజనానికి గంటైనా ఎడంగా తాగాలి. ఉప్పు దగ్గర ఒక పొరపాటు దొరికింది. ఆరోగ్యమని సైంధవ లవణం వాడుతున్నారు. అందులో సాధారణంగా అయోడిన్ కలపరు. పాలూ, చేపా తినని ఇంట్లో మామూలు అయోడిన్ ఉప్పే మంచిదని మార్పించాను.

ఇంత చెప్పాక తల్లి ఆశగా అడిగింది. "మిరప తొడిమల్లో సూక్ష్మజీవులున్నాయి కదండీ. బి12 చేసేవీ సూక్ష్మజీవులే అన్నారు. మరి మా పెరుగులో అది ఉండదా?"

తెలివైన ప్రశ్న. కానీ పెరుగు తోడుపెట్టే జాతి వేరు, బి12 చేసే జాతి వేరు. వేరుశనగ పెరుగులో, తరవాణిలో, ఇడ్లీ పిండిలో నమ్ముకోదగ్గంత బి12 ఉండదు. స్పిరులినా అనే నాచు పొడి గురించి గొప్పగా చెబుతుంటారు. అందులో ఎక్కువగా ఉండేది బి12ను పోలిన పదార్థం. ఒంటికి అక్కరకు రాదు. ఎంత నేర్పరి చేతిలోనైనా మొక్కల వంటల్లో కుదరనిది ఇదొక్కటే. మనిషికి రోజుకి కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములు. కాలేయం కొన్నేళ్లకు సరిపడా దాచుకుంటుంది గనక, మానేసిన మర్నాడేమీ కాదు. రెండేళ్లో, నాలుగేళ్లో గడిచాక, అంతా బాగానే ఉందనుకుంటున్న రోజున చెప్పు జారిపోతుంది.

ఆమె తర్వాత నేను ప్రతి రోగినీ ఏం తింటున్నారో అడగడం మొదలుపెట్టాను. అలా అడగబట్టే ఒక రిటైర్డు మాస్టారు దొరికారు. పదిహేనేళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్, అయిదేళ్లుగా గ్యాస్‌కి మాత్ర. ఈ రెండూ బి12ను సరిగా ఒంటబట్టనివ్వవు. పైగా ఎవరిదో ఉపన్యాసం విని, పాలూ పెరుగూ మానేస్తే షుగరు పోతుందని రెండేళ్ల కిందట మానేశారు. పొద్దుటి సంగతి సాయంత్రానికి మర్చిపోతున్నారు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకున్నారు. బి12 చూస్తే 110. ఇంజెక్షన్లయిన నాలుగు నెలలకి మాస్టారు ఒక్కరే వచ్చి, కిందటిసారి నేను బాకీ ఉన్న చిల్లర గుర్తుపెట్టుకుని అడిగి పుచ్చుకున్నారు.

ఇంకొకటి తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. పిల్లల డాక్టరైన నా మిత్రుడు ఫోన్ చేసి ఒక తల్లిని చూడమని పంపాడు. ఆమె చంటివాడు ఎనిమిది నెలలవాడు. ఆరో నెల దాకా కేరింతలు కొట్టినవాడు నవ్వడం మానేశాడు. మెడ నిలపడం లేదు. చేతులు వణుకుతున్నాయి. తల్లిది శాకాహార కుటుంబం. పాలవాసన ఆమెకి చిన్నప్పటి నుంచీ పడదు, గర్భంతో ఉన్నప్పుడు పెరుగు కూడా వాంతయ్యేది. వీగన్ అన్న మాట ఆమె ఎన్నడూ వినలేదు. తిండి మాత్రం అదే. ఆమె ఒంట్లోనే బి12 లేదు, ఇక చనుబాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? బిడ్డకి అక్కడ, తల్లికి నా దగ్గర ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వారం తిరక్కుండానే వాడు తల్లి మొహం చూసి నవ్వాడు. "నా పాలే విషమయ్యాయా?" అని ఏడ్చిందావిడ. కాదనీ, పాలు మాన్పించవద్దనీ, ముందు తన గిన్నె నింపుకోవాలనీ అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పాను. చంటివాడు మళ్లీ మెడ నిలిపాడు. అలాంటి పిల్లలందరూ పూర్తిగా కోలుకుంటారని చెప్పలేం. ఆలస్యమైన కొద్దీ ఎదుగుదలలో లోటు మిగిలిపోతుంది.

చెప్పులు జారిన అమ్మాయి ఇప్పుడు తూలకుండా నడుస్తోంది. ఇంకా వీగనే. రెండు బొటనవేళ్ల దగ్గర తిమ్మిరి మాత్రం పోలేదు, ఇక పోదు. ఆ ఏడాది ఆలస్యం నాది.

తోటి డాక్టర్లకు నా మనవి ఒకటే. రోగి ఫలానాది తిననంటే వాదించకండి, లెక్క వెయ్యండి. బి12 సంగతి తేల్చుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే రాయకండి.

పాలూ గుడ్లూ చేపా మాంసమూ అన్నీ మానినవారు, ఏ కారణంతో మానినా సరే, వంటింట్లో ఎన్ని ప్రయోగాలైనా చేసుకోండి. ఏడాదికోసారి బి12 పరీక్ష చేయించుకోండి. మోతాదు మీ డాక్టర్ని అడగండి, బి12 మాత్ర మాత్రం మానకండి. గర్భం రావాలనుకుంటున్న ఆడపిల్లలైతే పరీక్ష ముందే చేయించుకోండి. కాళ్లలో తిమ్మిరి మొదలయ్యేదాకా ఆగొద్దు.