అత్త కూలీ ఎక్కడ మామా?

కర్నూలులో ఎమ్మిగనూరు బస్సెక్కితే గంట దాటాక కోడుమూరు. దారి పొడుగునా కాసేపు ఎర్రనేల, కాసేపు నల్లరేగడి. దిగగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినకుండా ముందుకు పోకండి. ఊళ్లో ఇంకా మగ్గాలున్నాయి. గద్వాల రకం చీరలు ఇక్కడా నేస్తారు. నేను వెళ్లింది మాత్రం చీరల కోసం కాదు, పరుపుల కోసం.

మాది దూదేకుల ఇల్లు. పేరులోనే పని ఉంది. వీరబ్రహ్మం గారి శిష్యుడు సిద్దయ్య మావాడేనని తాత గొప్పగా చెప్పేవాడు. 'పింజారి' అని తిట్టేవాళ్లలో చాలామందికి అది దూది ఏకేవాళ్ల పేరని కూడా తెలీదు. విల్లులాంటి పనిముట్టుతో తాత దూది ఏకుతుంటే వచ్చే మోత నాకింకా గుర్తే. ఇప్పుడు మిషనొచ్చింది. పత్తికి కొదవ లేదు, ఆదోని మార్కెట్ పక్కనే ఉంది. కొదవల్లా కొనేవాళ్లకే.

మామకు పదేళ్లుగా ఒకటే పెద్ద గిరాకీ, ఒక ప్రైవేటు హాస్టల్. నిరుడు వాళ్లు ఫోమ్ పరుపులకు మారారు. పాత బాకీ కూడా ఇవ్వలేదు. నేను హైదరాబాదులో చిన్న సప్లయర్లకు కొత్త రంగాల్లోకి వెళ్లడం నేర్పే పని చేస్తాను. ఊరోళ్లకు నేర్పి ఇంటోళ్లను వదిలేశావేరా అని అమ్మ దెప్పింది. అందుకే వచ్చాను.

"పరుపు తప్ప నాకేం తెల్సురా? ఈ వయసులో కొత్త పనంటే యాడ అయితాది?" అన్నాడు మామ.

వాదించలేదు. గోనెసంచిలో చెయ్యి పెట్టి ఇది ఏ రకం దూది మామా అనడిగా. వేళ్ల మధ్య నలిపి, పింజ పొడుగు, తేమ, ఎన్నాళ్లకు గడ్డ కడుతుందో చకచకా చెప్పేశాడు. ఆయనకు తెలిసింది పరుపు ఒక్కటే కాదు, దూది. అది నర్సింగ్‌హోమ్ దిండుకూ పనికొస్తుంది, లాడ్జి పరుపుకూ, బడి పిల్లలు కూర్చునే మెత్తకూ. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్లతో సొసైటీ పెట్టించారు. ఆ సొసైటీ దుప్పట్లు ఊరు దాటి ఎంత దూరం పోయాయో ఇక్కడ అందరికీ తెలుసు. ఆ మాట చెప్తే మామ కొంచెం మెత్తబడ్డాడు.

తర్వాత లెక్క. దిండుకు కిలోన్నర దూది, గుడ్డ, దారం, ఆటో బాడుగ అన్నీ రాశాడు. "అత్త కూలీ ఎక్కడ మామా?" అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. కుట్టేది అత్త, కొలతలు రాసేది అత్త, బాకీ పుస్తకం అత్త చేతిలోనే. ఇన్నేళ్లూ ఆమె పని ఉచితం కాబట్టే ఆ ధర గిట్టింది. ఆమె కూలీ వేసి చూస్తే హాస్టల్‌కు పంపిన ప్రతి పరుపు మీదా నష్టమే. అత్త ఆ కాగితం చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు, 3 శాతం మహిళల యూనిట్లకు. మైనారిటీలకని వేరే వాటా లేదు. మనోళ్లు చాలామంది ఉందనుకుంటారు. అందుకే ఉద్యం నమోదు అత్త పేరున చేద్దామన్నాను. పేరుకే ఆడవాళ్లని పెట్టడం నాకు గిట్టదు, కానీ ఇక్కడ అసలు యజమాని ఎవరో అప్పటికే తేలిపోయింది. నమోదుకు రూపాయి ఖర్చు లేదు, ఆధార్, పాన్, ఫోన్ కావాలి. ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. జెమ్ పోర్టల్‌లోనూ చేరొచ్చు. టెండర్లలో ధరావతు మినహాయింపు కూడా ఉంది.

ఆధార్ ఓటీపీ మాత్రం ముప్పావు గంట సతాయించింది. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాం.

"మరి ఆ హాస్టలోడి బాకీ?" అంది అత్త. సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 చట్టం. కానీ నమోదు లేని రోజుల్లో ఇచ్చిన సరుకుకు ఆ చట్టం పట్టుకుని కొట్లాడటం కష్టం. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. "అయితే అది పోయినట్టేనా" అని పుస్తకంలో ఆ పేజీ మడిచి పెట్టింది. చింపలేదు.

సాయంత్రం ఆదోనిలో ఒక నర్సింగ్‌హోమ్‌కు ఫోన్ చేశాం. నలభై దిండ్లు కావాలట. అయితే కవరు విప్పి ఉతికేలా జిప్పు ఉండాలి, ముందు ఒక శాంపిల్ పంపాలి. ధర చెప్పాల్సి వచ్చేసరికి మామ ఫోను అత్త చేతికిచ్చాడు. ఆమె తన కూలీ కలిపిన ధరే చెప్పింది. అవతల కాసేపు నిశ్శబ్దం. "శాంపిల్ చూసి చెప్తాం" అన్నారు.

రాత్రి పదకొండు దాకా మిషను చప్పుడు ఆగలేదు. తెల్లారి ఆదోని బస్సులో సీటు దొరికింది గానీ, దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సొచ్చింది. పక్కనాయన దాన్ని ఒకసారి నొక్కి చూసి, "యాడ కొన్నావ్ బాబూ?" అన్నాడు.