గాజుపెట్టెలో సముద్రం

గుంటూరు మిర్చి యార్డు. లోపలికి అడుగు పెట్టకముందే తుమ్ములు స్వాగతం పలుకుతాయి. ఎటు చూసినా ఎర్రటి టిక్కీల గుట్టలు. మొహానికి తువ్వాలు చుట్టుకున్న హమాలీలు. ఆసియాలోనే అతిపెద్ద మిర్చి మార్కెట్‌గా పేరున్న ఈ చోట నిలబడి ఎవరైనా 'మా ఇంట్లో సముద్రం పెంచాలనుకుంటున్నాం' అంటే? ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుంటారు!

కానీ ఆ కోరిక మరీ వింతదేం కాదు. 2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చాక నారింజరంగు మీద తెల్లచారల క్లౌన్ ఫిష్ ప్రపంచంలోని పిల్లలందరికీ నేస్తమైపోయింది. గోల్డ్ ఫిష్ తొట్టె ఉన్న ఇంట్లో ఏదో ఒకరోజు 'నాన్నా, నీమో కావాలి' అన్న మాట వినపడుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. గోల్డ్ ఫిష్‌ది మంచినీరు. నీమోది ఉప్పునీరు. అదీ మామూలు ఉప్పునీరు కాదు, పగడపు దిబ్బల నడుమ ఉండే తేటనీరు. ఆ నీటిని, రాళ్లను, పగడాలను, చేపలను ఒకే గాజుపెట్టెలో బతికించడాన్నే రీఫ్ అక్వేరియం అంటారు.

ఇంతకీ గుంటూరు, ప్రకాశం మైదానాల్లో అది సాధ్యమేనా? మిర్చి యార్డు నుంచి సముద్రం దాకా ఒకసారి ప్రయాణం చేస్తే జవాబు దారిపొడవునా దొరుకుతుంది.

సముద్రం దగ్గరే... పగడాలే దూరం

గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల. అక్కడి నుంచి సూర్యలంక. మొత్తం 60 కిలోమీటర్లు ఉంటుందేమో. మిరప, పత్తి చేలు వెనక్కిపోయి వరిపొలాలు, కాలువలు, తాటిచెట్లు వస్తాయి. ఆ తర్వాత గాలిలో ఉప్పు తగులుతుంది. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ తీరం 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది.

సూర్యలంకలో మోకాలి లోతు నీళ్లలో నిలబడితే కాళ్లు కనిపించవు. కృష్ణమ్మ మోసుకొచ్చే ఒండ్రు కలిసిన నీరు మరి. ఒంగోలు వైపు వెళ్తే గుండ్లకమ్మ కలుస్తుంది. రైతుకు ఆ ఒండ్రు బంగారం. పగడానికి మాత్రం ప్రాణగండం. పగడపు పిల్లజీవి అతుక్కోవడానికి గట్టి రాయి కావాలి. పెరగడానికి వెలుతురు కావాలి. ఇసుక, బురద ఉన్నచోట రెండూ ఉండవు. అందుకే మన దేశంలో పగడపు దిబ్బలు చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో వెళ్లాలి.

పగడం అనగానే మనకు నవరత్నాలు, నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్రపూస గుర్తొస్తాయి. అది వేరే జాతి. దిబ్బలు కట్టే పగడం రాయీ కాదు, మొక్కా కాదు. అదొక జంతువు. పాలిప్ అనే చిన్న జీవులు వేలకొద్దీ ఒకచోట చేరి, సున్నంతో గూళ్లు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. ఎండతో ఆహారం తయారుచేసి అద్దె కింద పగడానికి చెల్లిస్తుంది. నీళ్లు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ కాపురం చెడుతుంది. నాచు వెళ్లిపోతుంది. పగడం తెల్లబడుతుంది. ఎక్కువకాలం అలాగే ఉంటే చచ్చిపోతుంది.

ఒకటి రెండు డిగ్రీలకే అంత తంటా! రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు ఇక్కడే గుండె గుభేలుమంటుంది.

ఉప్పుంటే చాలదు

సూర్యలంక నుంచి చీరాల, వేటపాలెం దాటి కిందికి వెళ్తే చినగంజాం. ఊరిపేరు చెప్పగానే ఉప్పు కొఠార్లు గుర్తొస్తాయి. ఎండలో తళతళలాడే తెల్లటి కుప్పలు. ఇంకాస్త ముందుకెళ్తే 1930 ఉప్పు సత్యాగ్రహంలో ప్రకాశం పంతులుగారి పేరుతో ముడిపడిన దేవరంపాడు. ఉప్పుకి ఇంత చరిత్ర ఉన్న నేలలో ఉప్పునీటికి కొదవా? నాలుగు దోసిళ్ల ఉప్పు నీళ్లలో కలిపితే సముద్రం కాదా?

కాదు. ఎందుకో చినగంజాం మళ్లే చెబుతాయి. మడిలో సముద్రపు నీరు ఆవిరవుతుంటే అన్నీ ఒకేసారి పేరుకోవు. ముందు సున్నం, జిప్సం అడుగుకు చేరతాయి. తర్వాత ఉప్పు పూస్తుంది. మెగ్నీషియం లవణాలు మాత్రం చివరిదాకా నీటిలోనే మిగిలిపోతాయి. చేదుగా ఉండే ఆ నీటిని తీసేస్తారు. ఉప్పు పట్టేవారికి అది పనికిరాని నీరు. పగడానికి అందులోనే సగం ప్రాణం ఉంది.

సముద్రంలో కరిగున్న లవణాల్లో నూటికి 85 పాళ్లకు పైగా సోడియం, క్లోరైడ్‌లే. మిగతా పదిహేను పాళ్లలోపే మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ వగైరాలు. పగడం గూడు కట్టుకునేది ఆ కాల్షియంతోనే. వంటింటి ఉప్పులో అవి ఉండవు. అందుకే అక్వేరియం కోసం అన్నీ కలిపి తయారుచేసిన సముద్రపు ఉప్పు పొడిని కొనుక్కోవాలి.

లెక్క చూద్దాం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టెలో సుమారు 190 లీటర్లు పడతాయి. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఆరున్నర కిలోలకు పైగా ఉప్పుపొడి కావాలి. వారానికో పదోవంతు నీరు మార్చాలి కాబట్టి ప్రతి వారం మరో 650 గ్రాములు. గాజు, రాళ్లు, నీరు అన్నీ కలిపితే రెండున్నర క్వింటాళ్లు దాటుతుంది. ఆరు మిర్చి టిక్కీల బరువు! మామూలు టీవీ బల్ల మీద పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మరి సూర్యలంక నీళ్లే క్యాన్లలో తెచ్చుకుంటే? ఒడ్డున దొరికేది బురద, మురుగు, రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీరు కలిసిన నీరు. వానాకాలంలో నదుల నీరు చేరి ఉప్పదనం తగ్గిపోతుంది. ఈ తీరం వెంట ఉన్న రొయ్యల హేచరీలవాళ్లే నేరుగా తోడిన నీటిని నమ్మరు. తేర్చి, ఇసుకలో వడగట్టి, క్లోరిన్‌తో శుద్ధిచేసి, ఆ క్లోరిన్ పోయాకే రొయ్యపిల్లల్ని వదులుతారు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక ఈ విద్య తీరంలో ఎంతోమందికి అబ్బింది. ఉప్పదనం కొలవడం, గాలి ఆగకుండా చూడటం, రోజూ నీటిని పరీక్షించడం... ఇంట్లో రీఫ్ తొట్టె పెట్టేవాళ్లు నేర్చుకోవాల్సినవీ ఇవే.

యూరియా చెప్పే పాఠం

నీళ్లు తయారయ్యాయి కదా అని అదేరోజు చేపల్ని వదిలితే వారం తిరక్కుండానే అవి తేలిపోతాయి. చాలా ఇళ్లలో మొదటి తొట్టె ఇలాగే ఖాళీ అవుతుంది. పిల్లల కళ్లలో నీళ్లు, పెద్దల జేబుకు చిల్లు.

కారణం పత్తి రైతుకు చెబితే చిటికెలో అర్థమవుతుంది. చేలో యూరియా వేస్తే అది అమ్మోనియాగా మారుతుంది. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. తొట్టెలోనూ అంతే. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని మార్చే సూక్ష్మజీవులు రాళ్ల సందుల్లో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఆగాల్సిందే. చేను దున్నగానే పంట కోయలేం కదా!

1960ల మొదట్లో ఇండోనేసియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఈ రాళ్ల మహిమను ప్రపంచానికి చాటారు. సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాళ్లు, గాలి బుడగలు... అంతకుమించి పెద్ద యంత్రాలేవీ లేకుండా పగడాలను బతికించారు. ఇప్పటి తొట్టెల్లో నీటిని అలల్లా కదిలించే వేవ్ మేకర్, మలినాలను నురగగా లాగేసే ప్రొటీన్ స్కిమ్మర్, ఎల్ఈడీ దీపాలు వచ్చి చేరాయి. అసలు పని మాత్రం ఇప్పటికీ రాళ్లదే.

మన పల్లెల్లో మరో ముప్పూ ఉంది. మిరపకు తెగుళ్లొస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ చల్లుతారు. రాగి పంటను కాపాడుతుందేమో కానీ పగడాలకు, రొయ్యలకు, నత్తలకు పరమ విషం. మందు కొట్టిన చేతులతో తొట్టెలో చెయ్యి పెట్టకూడదు. రాగి, ఇత్తడి బిందెల్లో పట్టిన నీరు పోయకూడదు. దోమల మందు ఆ గదిలో కొట్టకూడదు. బోరు నీరూ వద్దు. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. ఎరువులు బాగా వాడే చోట నైట్రేట్ కూడా ఉంటుంది. ఆర్వో నీరే శ్రేయస్కరం.

ఎండాకాలం, తుపానుకాలం

పగడాల తొట్టె 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో బయట 42 దాటినప్పుడు ఇంట్లో నీళ్లు 33కి చేరడం పెద్ద విషయం కాదు. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఈ చిట్కా పొడిగాలి ఉండే నరసరావుపేటలో పనిచేసినంతగా ఉక్కపోసే చీరాలలో పనిచేయదు. ఎయిర్ కూలర్ వాడినవాళ్లకు ఈ తేడా తెలుసు. కోస్తాలో చిల్లర్ పెట్టాలి, లేదా ఏసీ గదిలో ఉంచాలి. కరెంటు బిల్లు ఇక్కడే మోగుతుంది.

ఇంకో సంగతి. తొట్టెలో నీరు ఆవిరైతే ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి తగ్గినంత మేరకు రోజూ మంచినీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే తొట్టె కాస్తా చినగంజాం మడి అవుతుంది!

ఎండను తట్టుకున్నా తుపాను ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రాత్రి కరెంటు పోతే నీటి కదలిక ఆగిపోతుంది. ప్రాణవాయువు తరుగుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కొన్ని గంటలు చాలు, ఏడాది కష్టం పోవడానికి. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఇంట్లో ఉండాల్సిందే. అదీ లేకపోతే గిన్నెతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చోవాలి. ఇంటిల్లిపాదీ వంతులేసుకుని.

చట్టం ఏమంటోంది?

అన్నీ అమరినా అసలు ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. పగడాలు ఎక్కడివి?

మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు పగడపు రాళ్లను సున్నానికి, కట్టడాలకు తవ్వుకుపోయేవారు. దిబ్బ పోతే చేపల నెలవు పోతుంది. తీరానికి అలల నుంచి అడ్డు పోతుంది. అందుకే 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ! సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలూ అప్పుడే చేరాయి. వీటిని పట్టినా, అమ్మినా జైలుశిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకూ ఉంటుంది. దుకాణంలో గట్టి పగడం ముక్క కనిపించినంత మాత్రాన కొనేయొద్దు. కాగితాలు అడగాలి. అనుమానముంటే అటవీశాఖను అడగాలి.

దీనికితోడు సముద్రాలు వేడెక్కుతున్నాయి. 1998, 2010ల తర్వాత 2014-17 మధ్యా పగడాలు ప్రపంచమంతటా తెల్లబడ్డాయి. నాలుగోసారి మళ్లీ అదే జరుగుతోందని శాస్త్రవేత్తలు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. లక్షద్వీప్ పగడాలూ ఆ ఏడాది పాలిపోయాయి. చావుబతుకుల్లో ఉన్న దిబ్బనుంచి ఒక కొమ్మ విరిచి మన హాలుకు తెచ్చుకోవడం ఎంతవరకు న్యాయం?

నీమో మాత్రం రావచ్చు

అలాగని పిల్లల కోరికను కాదనక్కర్లేదు. క్లౌన్ ఫిష్‌ను సముద్రంలోంచి పట్టకుండానే పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మన దేశంలోనే సాధించారు. తొట్టెలో పుట్టిన చేప తొట్టెకు త్వరగా అలవాటు పడుతుంది. గుళికల మేత తింటుంది. జాగ్రత్తగా చూసుకుంటే పదేళ్లకు పైనే బతుకుతుంది. ఒకటో తరగతిలో కొన్న చేప ఇంటర్ దాకా తోడుంటుందన్నమాట. దీనికి అనిమోన్ కూడా తప్పనిసరి కాదు. 'డోరీ'గా పిలిచే నీలి చేప మాత్రం అడుగు దాకా పెరుగుతుంది. మూడడుగుల తొట్టె దానికి జైలే.

కాబట్టి మొదటి ఏడాది చేయాల్సింది ఇంతే. రాళ్లు, ఇసుక, ఉప్పునీరు, హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట. పగడాలు లేకపోయినా అది సముద్రమే. ఒక వేసవి, ఒక తుపాను దాటించగలిగితే అప్పుడు తర్వాతి అడుగు ఆలోచించొచ్చు. అసలు మొదలుపెట్టేముందు విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని లాంటి చోట పిల్లలకు ఉప్పునీటి చేపల్ని చూపించడం ఇంకా మేలు. సరదా ఎంత, ఓపిక ఎంత అన్నది అక్కడే తేలిపోతుంది.

సాయంత్రం సూర్యలంకలో ఎప్పుడూ కనిపించే దృశ్యం ఒకటుంది. ఏదో ఒక పిల్లవాడు నీళ్ల సీసా ఖాళీచేసి, అలలోంచి సముద్రాన్ని పట్టుకుంటాడు. మూత బిగించి, గుండెకు హత్తుకుని బస్సెక్కుతాడు. పొన్నూరు దాటేసరికి నిద్రపోతాడు. ఇంటికి చేరాక ఆ సీసాలో ఉండేది గుక్కెడు ఉప్పునీరే. దాన్ని బతికించాలంటే ఏమేం కావాలో వాడికి అప్పుడే తెలియనక్కర్లేదు. తెలిసినరోజున, ఒడ్డున నిలబడి ఆ మట్టినీళ్ల సముద్రాన్నీ ఇంకాస్త గౌరవంగా చూస్తాడు.